దిమ్మా, తేనెపాకమా?

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో పళ్ళన్నీ రాలిపోవాలి. ఉన్నవి రెండే, అవీ కదులుతున్నాయి, అందుకే అంత ధైర్యంగా ఒట్టేస్తున్నాను.

కుంచాలపాలెంలో బెల్లం వండే రోజుల్లో గాలి ఎంత చిక్కగా ఉండేదంటే, జనం ఉత్తి రొట్టెని కిటికీలోంచి బయటికి చాపి, ఒకసారి ఊపి, తీపెక్కాక తినేసేవాళ్ళు. ఈగలు ఎగరలేక నడిచి పోయేవి. ఊరి చివర చెరకు తోటల మధ్య ఉండేది ఆ బెల్లం పాక. పాక ముందు కొండంత చెరకు పిప్పి కుప్ప. లోపల ఏనుగు స్నానం చెయ్యదగ్గ పెనం.

ఆ పాకలో గురువులు అనే ముసలి ఎద్దు ఉండేవాడు. ఇరవై ఏళ్ళు గానుగ తిప్పాడు. ఆ తిరుగుడంతా తిన్నగా నడిచుంటే కాశీకి నూటపదిసార్లు వెళ్ళొచ్చేవాడు, పుణ్యమైనా దక్కేది. గానుగకి ఇంజిను వచ్చాక ఆయనకి వేరే పని చెప్పారు. పాకం ముదిరాక పెనాన్ని పొయ్యి మీంచి దించి చట్రం మీద పెడతారు. ఆ చట్రానికో లావుపాటి మోకు. ఆ మోకు కొస గురువులు మెడకి. ఆయన నాలుగడుగులు ముందుకేస్తే పెనం వంగి, పాకమంతా నేలలో తవ్విన అచ్చులోకి పడుతుంది. అచ్చంటే మరేం లేదు, మేకపిల్ల పడుకునేంత గొయ్యి, లోపల తడిగుడ్డ పరిచి ఉంటుంది. పాకం ఆరితే అదే బెల్లం దిమ్మ. గురువులు మాట కూడా ఆ పాకం లాగే చాలాసేపు ఉడికి, ఆలస్యంగా బయటికొచ్చేది.

ఆ పాక వెనకే పైడమ్మ అనే కోడిపెట్ట కాపురం. నలభై రోజులుగా గుడ్డు పెట్టలేదు. పెట్టలేక కాదట, మనసు లేకట. మనసు మాట ఎలా ఉన్నా, ఆ పాకలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా చెరకు అయిపోయి పొయ్యి చల్లార్చే రోజున, పాక యజమాని అయిన ఆసామి పొయ్యికి దండం పెట్టి, గుడ్డు మానేసిన కోడిని ఒకదాన్ని కోస్తాడు. గుడ్డు పెట్టేదాని జోలికి మాత్రం పోడు. ఈసారి చెరకు ఇంకో మూడు రోజులకే మిగిలింది. ఆసామి పొద్దున్నే వచ్చి పైడమ్మని రెండుసార్లు చూశాడు. మూడోసారి ఎత్తి బరువు చూశాడు. ఎత్తి చూడ్డంతో ఈసారి వంతు తనదేనని పైడమ్మకి తెలిసిపోయింది.

సరిగ్గా అదే రోజు గోరింక వరాలు ఒక మాట మోసుకొచ్చింది. వరాలు బడి కిటికీ మీద కూర్చుని చదువుకున్న పిట్ట. చదువు ఒకవైపే ఎక్కువగా చేరి, గాల్లో కుడిపక్కకి ఒరిగి ఎగిరేది.

ఇంగ్లీషులో ఒక క్రియ ఉందని, దాని పేరు ట్రాన్స్‌ఫార్మ్ అని, అంటే రూపు మార్చడమని చెప్పింది వరాలు. తోకకప్ప కప్పవడం అదేనట. పిండి దోసె అవడం కూడా అదేనేమో అని తనకో అనుమానమట.

గేదె నూకాలు నెమరు ఆపింది. ఆమె నెమరు ఆపిందంటే ఊళ్ళో గోడగడియారాలు ఆగినంత పని. "నేను గడ్డి తిని పాలిస్తాను కదా. అది ట్రాన్స్‌ఫార్మేనేటి?"

వరాలు కాసేపు ఆలోచించి అవునంది. గడ్డి మారింది, నూకాలు మార్చింది. తనేమీ మార్చలేదని, ఉత్తినే నమిలానని నూకాలు వాదన. పైగా అదే గడ్డి పేడ కూడా అవుతోంది, మరి ఆ పేరు కూడా తన మీదే వేస్తారా అని నిష్ఠూరమాడింది.

"నేను గానుగ ఎద్దుని. ఇప్పుడు మోకు ఎద్దునయ్యాను," అన్నాడు గురువులు తాపీగా. "మరి నేను?"

అది పని మారడం, రూపు మారడం కాదంది వరాలు. గురువులు తల వంచి చూపించాడు. మెడ మీద ఒరుసుకుని కాచిన కాయ ఒకప్పుడు ఎడంపక్క ఉండేది, ఇప్పుడు కుడిపక్కకి వచ్చింది. అది రూపు కాదా అని అడిగితే వరాలు తల గోక్కుంది. నూకాలు తల గోక్కుంది. పక్కనున్న స్తంభానికి చేతులుంటే అదీ గోక్కునేదే.

చివరికి వరాలు ఉన్న మాట చెప్పేసింది. "టీచరమ్మ మూడు సంగతులు చూసుకోమంది. మారేది ఏది, మార్చేది ఎవరు. మూడోది చెప్పబోతుంటే మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. పిల్లలు లేచారు. మెతుకుల కోసం నేనూ లేచాను."

మూడోది ఏమై ఉంటుందా అని వాళ్ళు బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే పైడమ్మకి అవేవీ వినబడలేదు. ఆమె చెవిలో ఒకే మాట తిరుగుతోంది. రూపు మారొచ్చు. రూపు మారితే తను కోడి కాదు. కోడి కానిదాన్ని పొయ్యి ముందు ఎవరు కోస్తారు?

బెల్లం ఉన్నచోట ఈగ, దిగులున్నచోట నక్క. పిప్పి కుప్ప వెనకాల ఎర్రన్న అనే నక్క ఈ మాటలన్నీ విన్నాడు. ఎర్రన్న తెలివి గురించి చెప్పాలంటే ఒకటే చాలు. వాడు నీళ్ళలో తన నీడని చూసుకున్నప్పుడు కూడా ముందు ఆ నీడ జేబులు వెతికేవాడు. సాయంత్రం పైడమ్మ ఒంటరిగా కనబడగానే, రెండు కాళ్ళూ ముందుకి చాపి ఒంగి ఒంగి వచ్చాడు. నక్క వినయం అంటారే, ఆ మాట వాణ్ణి చూశాకే పుట్టింది.

"వదినా, నీ కష్టం విన్నాను. ఆ ట్రాన్స్‌ఫార్మ్ పనిలో నేను ఆరితేరినవాణ్ణి. మా కొండ మీద ఎంతమందిని చేశానో. ఒక్కరు కూడా తిరిగొచ్చి బాగోలేదనలేదు."

పైడమ్మకి ఆ మాట ఎంతో నమ్మకంగా అనిపించింది. ఎలా చెయ్యాలని అడిగింది.

ఎర్రన్న అంతా ఒక పద్ధతి ప్రకారం వివరించాడు. చెరకుని గానుగలో పెట్టే ముందు ఆకు ఒలుస్తారు. కాబట్టి పైడమ్మ కొన్ని ఈకలు పీక్కోవాలి, మిగతావి వాడే చూసుకుంటాడు. రసం తేరడానికి పెనంలో సున్నం వేస్తారు. ఒంట్లో కోడితనం తేరడానికి పసుపు, ఉప్పు, కారం పట్టించాలి. మూడో రోజు మధ్యాహ్నం మనుషులు అన్నాలకి వెళ్ళినప్పుడు పిప్పి కుప్ప వెనక్కి వచ్చి కళ్ళు మూసుకుని పడుకోవాలి.

"కదలకూడదు వదినా. కదిలితే రూపు చెడిపోద్ది. ఆఁ, దొరికితే కాస్త అల్లం కూడా."

"అల్లం ఎందుకు మరిదీ?"

"కోడి వాసన పోవాలా, వద్దా?"

పోవాలంది పైడమ్మ. ఆ రాత్రి ఆమెకి కలలో తను నెమలయింది, తర్వాత పిల్లి అయింది, తర్వాత ఏదో అయింది కానీ దానికి ఎన్ని కాళ్ళో లెక్క తేలలేదు. పొద్దున లేచి మూడు ఈకలు పీక్కుంటే ఆమె పెట్టిన కేకకి పక్కూళ్ళో ఉడుకుతున్న అన్నం పొంగిపోయింది. ఇక ఈకల జోలికి పోలేదు.

మిగతా సరంజామా మాత్రం శ్రద్ధగా చేసింది. ఆసామి పెరట్లో ఎండబెట్టిన పసుపు కొమ్ముల మధ్య, దంచి పరిచిన పసుపులో పొర్లింది. చాప మీది మిరపకాయల్లో పొర్లితే తుమ్ములు పట్టుకున్నాయి, నలభై దాకా తుమ్మింది. నూకాలు కుడితి దగ్గర రాతి ఉప్పు ఉంటే దానికి ఒళ్ళు రుద్దుకుంది. అల్లం మడిలో గోళ్ళతో కెలికి చిన్న ముక్క సంపాదించి రెక్క కింద పెట్టుకుంది. మూడో రోజు పొద్దుటికి పైడమ్మ సూర్యుడి కన్నా పచ్చగా ఉంది. అసలు సూర్యుడు ఆ రోజు ఎటు పోవాలో తెలియక కాసేపు కొండ వెనకే నిలబడిపోయాడు.

అలా ఘుమఘుమలాడుతూ గురువులుకి చివరి దండం పెట్టడానికి వెళ్ళింది.

గురువులు ముక్కు పైకెత్తి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ వాసన నాకు ఎరికేనమ్మీ. ఎక్కడో ఎరికే."

ఎక్కడ తాతా అని పైడమ్మ అడిగితే గుర్తు రావట్లేదన్నాడు. ఒక చెవి ఊపాడు. రెండో చెవి ఊపాడు. నూకాలు కూడా వాసన చూసి తనకీ తెలుసంది, కానీ ఏ వాసన చూసినా తనకి తవుడు తప్ప ఇంకేదీ గుర్తుకు రాదంది. వరాలు అది మందు వాసనంది. ముగ్గురూ అయోమయంగా ఆమె చుట్టూ తిరిగారు. ఇంతలో గురువులు ఆగాడు.

"ఆదివారాలు," అన్నాడు. "ఆసామి ఇంటి వంటపొయ్యి దగ్గర."

ఆదివారం ఆ పొయ్యి మీద ఏం ఉడుకుతుందో పైడమ్మకి తెలుసు. ఆమె చెల్లెళ్ళు నలుగురు ఆదివారాలే పోయారు. అలా అయితే ఇటు చూస్తే ఆసామి కత్తి, అటు చూస్తే ఎర్రన్న పన్ను, తనకింక దారేదని, ఎర్రన్న చెప్పిందంతా బయటపెట్టి, రెక్కల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే కన్నీళ్ళు కూడా పచ్చగా వచ్చాయి.

"ఊరుకో అమ్మీ. వాడు నిన్ను మారుస్తానన్నాడు కదా. ఏంగా మారుస్తాడట?"

పైడమ్మ ఏడుపు ఆపింది. "అది చెప్పలేదు తాతా."

"నువ్వు అడగలేదేటి?"

"మారతానన్న సంతోషంలో అడగలేదు."

గురువులు తల ఆడించాడు. ఈ పాకలో ఎవరు చెరకు తెచ్చినా, బెల్లం వండేవాడు పొయ్యి ముట్టించే ముందే ఒక మాట అడుగుతాడని గుర్తు చేశాడు. దిమ్మా, తేనెపాకమా? తేనెలా జారే తేనెపాకం కావాలంటే ముందే దించాలి, దిమ్మ కావాలంటే ఇంకా ముదరనివ్వాలి. రసం ఒకటే, పెనం ఒకటే, మంట ఒకటే. ఏం కావాలో తెలియకుండా నిప్పు పెట్టేవాడు ఇన్నేళ్ళలో తనకి తగల్లేదు. ఏం కావాలో చెప్పకుండా నిప్పు పెట్టేవాడున్నాడంటే, వాడికేం కావాలో వాడికి బాగా తెలుసన్నమాట.

వరాలు కొమ్మ మీంచి జారి కింద పడబోయింది. "మూడోది అదే. టీచరమ్మ చెప్పబోయింది అదే. ఏంగా."

అప్పుడు గురువులు పైడమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకి ఒక పూట పట్టింది, వినడానికి ఆమెకి ఒక క్షణం పట్టింది.

మధ్యాహ్నమయింది. ఆ ఏడాది చివరి పాకం దించి, పెనాన్ని చట్రం మీద పెట్టి, కాస్త చల్లారనిచ్చి వంచుదామని ఆసామి, పనివాళ్ళు కాలువ గట్టున అన్నాలకి కూర్చున్నారు. అచ్చులో తడిగుడ్డ పరిచే ఉంది. మోకు గురువులు మెడకి కట్టే ఉంది. పిప్పి కుప్ప వెనక ఎర్రన్న ఎంతసేపు చూసినా వదిన రాలేదు. గాలికి వాసన మాత్రం వస్తోంది. పసుపు, ఉప్పు, కారం, అల్లం. వాడి నోట్లో ఊరిన నీళ్ళకి అక్కడ రెండు మళ్ళు తడిసి నాట్లకి సిద్ధమయ్యాయి. ఇక ఆగలేక పాకలోకి తొంగి చూశాడు.

పైడమ్మ గురువులు వీపు మీద ఎక్కి కూర్చుని ఉంది. నక్కకి అందని ఎత్తు.

"వదినా, వేళ మించిపోతోంది. దిగిరా."

"ఆగు అల్లుడూ," అన్నాడు గురువులు. "ఈ పాకలో పనంటే ఈ పాక పద్ధతుండాలి. అమ్మిని ఏంగా మారుస్తావు?"

ఎర్రన్న తికమకపడ్డాడు. ఇన్నేళ్ళలో వాణ్ణి ఎవరూ అడగని మాట అది. "ఏంగా అంటే... మంచిగా మారుస్తాను మావా."

"మంచిగా అంటే? దిమ్మా, తేనెపాకమా?"

"ఈమె బెల్లం కాదు కదా."

"కాదు. మరేటవుతాది?"

మారాక అదే తెలుస్తుందన్నాడు ఎర్రన్న. ఎవరికి తెలుస్తుందని నూకాలు నెమరేస్తూ అడిగింది. ఎర్రన్న తోక దులుపుకోవడం మొదలెట్టాడు. అప్పుడు పైడమ్మ సిగ్గుపడుతున్నట్టు మెడ వంచింది.

"మరిదీ, వాళ్ళ మాటలకేం. ఏమవ్వాలో నేను తేల్చుకున్నాను. నన్ను నీలాగే నక్కని చేసెయ్యి."

ఎర్రన్న ఊపిరి పీల్చుకున్నాడు. ఇంతేనా అనుకున్నాడు. తన కడుపులోకెళ్ళాక కోడి ఎలాగూ నక్కే అవుతుంది, మాట తప్పినట్టు కూడా కాదు. సరే వదినా, నీ కోరిక ఎంత గొప్పదన్నాడు.

"అయితే అచ్చు కావాల," అన్నాడు గురువులు. "ఏ అచ్చులో పోస్తే ఆ రూపు. నక్క అచ్చు ఈ పాకలో లేదు. నువ్వోసారి ఆ గోతిలో పడుకుని లేస్తే, గుడ్డ మీద నీ రూపు పడతాది. అందులో అమ్మిని పడుకోబెట్టి అప్పగించేస్తాను. తర్వాత నీ ఇష్టం."

ఎర్రన్న గోతిని చూశాడు. చల్లగా, మెత్తగా ఉంది. పైడమ్మని చూశాడు. ఉప్పూ కారం పట్టి, నిగనిగలాడుతూ ఉంది. కాసేపు పడుకుంటే చేతికొచ్చే కూర. తల పైకెత్తి పెనం వంక చూస్తే వాడి కథ వేరే ఉండేది, కానీ ఆకలిగా ఉన్నవాడు పైకి చూడడు. గోతిలోకి దిగి, నాలుగు కాళ్ళూ ముడుచుకుని, తోక అందంగా సర్దుకున్నాడు.

"కళ్ళు మూసుకో," అన్నాడు గురువులు. "కదలకు. కదిలితే రూపు చెడిపోద్ది."

"ఆ మాట నాకు చెప్తావేటి మావా. అది నా మాటే."

"నీదేలే," అని గురువులు నాలుగడుగులు ముందుకేశాడు.

పెనం వంగింది. పాకం అప్పటికి చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారింది, కాబట్టి ఎర్రన్న తోలు మిగిలింది. కానీ ఆరే పాకం సంగతి మీకు తెలుసు కదా. వాడు లేవబోతే వీపు లేవలేదు, కాలు లాగబోతే తోక వచ్చింది, అరవబోతే నోరు తియ్యగా అతుక్కుంది. పైడమ్మ గోతి అంచు మీదకి దూకి కూత అందుకుంది. ఆ కూతకి కాలువలో చేపలు గట్టెక్కి చెవులు మూసుకున్నాయి. ఆసామి చేతిలో ముద్ద వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. చూస్తే దిమ్మ, దిమ్మలోంచి నక్క తల.

ఎర్రన్న ప్రాణభయంతో ఒక్క ఊపు ఊపాడు. బెల్లంలో సగం గోతిలో మిగిలింది, సగం వాడితో లేచింది. వీపు మీద బెల్లం బుట్ట బోర్లించుకున్నట్టు కొండకేసి ఉరికాడు. వాడి వెనకాల ఏడు ఊళ్ళ చీమలు వరసకట్టాయి. కొండ మీద ఎలుగుబంట్లు వాణ్ణి చూసి తీపి మోసుకొచ్చిన చుట్టమని కౌగిలించుకుని, తొమ్మిది రోజులు వదలకుండా నాకాయి. పదో రోజున బయటపడ్డవాడి ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. అందర్నీ మారుస్తానన్నవాణ్ణి వాళ్ళమ్మే పోల్చుకోలేకపోయింది. తను తీసిన గోతిలో తనే పడ్డం పాత మాట, పరాయి గోతిలో అడిగి మరీ పడుకున్నవాడు మాత్రం ఎర్రన్న ఒక్కడే.

ఆసామి కాసేపు గోతిని చూశాడు, కాసేపు పైడమ్మని చూశాడు. ఊళ్ళో నెలలో పదిహేను కోళ్ళని ఎత్తుకుపోయిన నక్కని కూతపెట్టి పట్టించిన కోడిని కొయ్యడానికి చెయ్యెలా వస్తుందన్నాడు. ఆ సాయంత్రం పొయ్యి ముందు గుమ్మడికాయ కొట్టి దండం పెట్టుకున్నాడు. వెంట్రుకలు అంటిన బెల్లం నూకాలు కుడితిలో పడింది, ఆమె వారం రోజులు తియ్యటి పాలిచ్చింది. మర్నాడు పొద్దున పైడమ్మకి మనసు పుట్టి గుడ్డు పెట్టింది. కొబ్బరికాయంత గుడ్డు. నేను చూశాను, పసుపు రంగులో ఉంది.

వరాలు మాత్రం తృప్తిగా లేదు. ఇంతకీ ఇందులో ట్రాన్స్‌ఫార్మ్ అయిందెవరని అడిగింది. పైడమ్మ ఎప్పటిలాగే కోడి. ఎర్రన్న బోడి అయినా నక్కే. నూకాలు గడ్డినో, బెల్లాన్నో ఏదో మార్చింది కానీ అది తన పని కాదంటోంది.

గురువులు చాలాసేపు ఉడికాడు. "ఆ మాట నాకింకా సరిగ్గా అందలేదమ్మీ. అడగాల్సింది మాత్రం అందింది."

నా పళ్ళు రెండూ ఇంకా నోట్లోనే ఉన్నాయి, కావాలంటే వచ్చి లెక్కపెట్టుకోండి.

నీతి: నిన్ను మార్చేస్తానని వచ్చినవాడికి మెడ వంచేముందు, ఏంగా మారుస్తాడో అడుగు.